ఇల్లు మార్చునాడు బీమావారికి చెప్పవలసిన మాట

(మన సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



నేను ఉపన్యాసములు చేయువాడను కాను. ముప్పదియారు సంవత్సరములు నూలుమిల్లులో లెక్కలు వ్రాసి విశ్రాంతి తీసికొనినవాడను. "మీ యింట జరిగినది నలుగురికి చెప్పుడు, మరియొక కుటుంబము ఆ చిక్కున పడకుండును" అని కార్యదర్శిగారు పలుమారు కోరుటచే నేడు మీ యెదుట నిలిచితిని. విషయము చిన్నది. ఇంటికి మార్పుగాని, చేర్పుగాని, పెద్ద మరమ్మతుగాని తలపెట్టినప్పుడు ఆ యింటికి బీమా ఇచ్చిన కంపెనీకి ముందుగా తెలియజేయవలెను. ఇంతియే. అయినను ఈ చిన్న మాటను మరచినందున మా కుటుంబమునకు కలిగిన నష్టము చిన్నది కాదు.

మనము ఈ సీమకు నిన్న మొన్న వచ్చినవారము కాము. 1529లో విశ్వనాథ నాయకుడు మదుర పాలనము చేపట్టిన కాలమునందును, దానికి వెనుక ముందులందును మన పూర్వులు దక్షిణమునకు వచ్చి మదుర చుట్టునను, కోయంబత్తూరు నల్లరేగడి భూములందును స్థిరపడిరి. ప్రత్తి పండించిరి, నేత నేసిరి, తరువాతి కాలమున మిల్లులు నడిపిరి. వీధిలో తమిళము, ఇంటిలో తెలుగు మాటలాడుచు తరతరములు గడపితిమి. ఆ తెలుగు నిలుచుటకు నీడ యిచ్చినవి మన పాత యిండ్లే. ముందు అరుగు, నడుమ ముంగిలి, టేకు దూలములు, నాటు పెంకులు గల ఆ యిండ్లలోనే మన అవ్వలు మనకు మాట నేర్పిరి.

ఆ యిండ్లకు నేడు మార్పు తప్పదు. మదురలో 1636లో కట్టిన తిరుమల నాయకుని మహలునకే, 1866 మొదలు 1872 వరకు మద్రాసు గవర్నరుగా నుండిన నేపియర్ ప్రభువు కాలమున పెద్ద మరమ్మతు జరుగవలసి వచ్చెను. రాజ మందిరమునకే తప్పనిది మన పెంకుటిండ్లకు తప్పునా? పెంకు తీసి కాంక్రీటు వేయుచున్నాము. పైన మేడ లేపుచున్నాము. ముంగిలికి కప్పు వేయుచున్నాము. డాబాపై సౌర ఫలకములు పెట్టుచున్నాము. ముందు గదిని అంగడికి అద్దెకిచ్చుచున్నాము. ఇవన్నియు తప్పులని నేననను. మేమును చేసితిమి. ఆ కథను ముందు వినుడు.

మా యింటిని మా తాత కట్టించెను. నాయన పోయిన పిదప నేనును మా తమ్ముడును కలిసియే యుంటిమి. మా అబ్బాయి చదువునకై ఇంటిపై అప్పు తీసికొన్నప్పుడు బ్యాంకువారు బీమా పాలసీ తీసికొనవలెననిరి. తీసికొంటిమి. 1,200 చదరపు అడుగుల ఒంటి అంతస్తు ఇల్లు, అడుగునకు 1,800 రూపాయల కట్టుబడి, మొత్తము 21 లక్షల 60 వేల రూపాయలు అని అందులో వ్రాయబడెను. ఆ కాగితమును బీరువాలో పెట్టి మరచితిమి. రెండేండ్ల తరువాత ఇంటి వెనుక సగమునకు పెంకు తీసి, కాంక్రీటు కప్పు వేసి, దానిపై 800 చదరపు అడుగుల మేడ మొదలు పెట్టితిమి. పునాది లోతెంత, ఇసుక ధర యెంత, గృహప్రవేశమున కెవరెవరిని పిలువవలెను అని ప్రతి దినము మాటలాడుకొంటిమి. బీమా మాట ఒక్కనాడును ఎవరి నోటను రాలేదు.

మేడ పని ముగియవచ్చిన సమయమున ఒక మధ్యాహ్నము కిటికీ కమ్ములకు వెల్డింగు చేయుచుండిరి. ఒక నిప్పురవ్వ క్రింది ముంగిలిలో టార్పాలిను క్రింద దాచిన పాత టేకు కొయ్యలపై పడెను. పనివారు భోజనమునకు పోయిరి. అరగంటలో మంట పాత సగపు దూలముల నంటుకొనెను. మంచముపై నున్న మా అమ్మను మా మరదలు భుజముపై మోసికొని వీధిలోనికి తెచ్చెను. ప్రాణనష్టము లేదు, దైవానుగ్రహము. కాని పాత సగము కప్పు కూలెను. మేడ కిటికీలు, తీగలు కాలెను. తాతగారి దస్తావేజుల పెట్టె బూడిదయ్యెను.

కంపెనీ పంపిన సర్వేయరు మర్యాదస్థుడు. కాలిన గోడల నన్నిటిని చూచి, కొలిచి, ఛాయాచిత్రములు తీసి, అరుగుపై కూర్చుండి మూడు ప్రశ్నలు మాత్రమడిగెను. "ఈ మేడ యెప్పుడు మొదలు పెట్టితిరి? పని జరుగునప్పుడు మీరు ఇంటిలోనే యుంటిరా? ఈ పని సంగతి కంపెనీకి వ్రాసితిరా?" మొదటి రెండింటికి సమాధానము చెప్పితిని. మూడవదానికి నా నోట మాట రాలేదు. ఏడు నెలలు ఉత్తర ప్రత్యుత్తరములు నడిచెను. తుదకు పాత భాగమునకు కొంత తగ్గించి యిచ్చిరి. మేడకు ఒక్క రూపాయియు రాలేదు. కంపెనీ పేరు నేను చెప్పను. చెప్పవలసినది చెప్పనివారము మేము.

ధననష్టముకంటె పెద్దది మరియొకటి కలదు. చెప్పవలసినవాడవు నీవని తమ్ముడు నన్ననెను. కాంట్రాక్టరు చెప్పునని నేననుకొంటిని. బ్యాంకువారు చూచుకొందురని కాంట్రాక్టరనుకొనెను. నాలుగు నెలలు మా తమ్ముడు నాతో కలిసి భోజనము చేయలేదు. ఒక రాత్రి మా అమ్మ యిద్దరిని పిలిచి, "ఇంటికి చుట్టము వచ్చినను పొరుగువారికి ఒక మాట చెప్పుదుమే, గోడ పడగొట్టునాడు చెప్పవలసినవారికి చెప్పరాదా?" అనెను. నేను ఈనాడు చెప్పబోవునదంతయు ఆ మాటకు వ్యాఖ్యానము మాత్రమే.

చెప్పవలసిన యావశ్యకత ఏమని మీరడుగవచ్చును. ప్రీమియము కట్టితిమి, కాలినచో ఇయ్యవలసినదే కదా అని నేనును అనుకొంటిని. కాని బీమా అంగడిలో కొను వస్తువు వంటిది కాదు. మనము ఒక యింటిని వర్ణించి చెప్పుదుము. ఆ వర్ణనను నమ్మి వారు మాట యిత్తురు. ఈ సూత్రము పాతది. సుమత్రా దీవిలోని ఫోర్ట్ మార్ల్‌బరో కోటకు గవర్నరుగా నున్న కార్టరు, ఆ కోటను శత్రువులు పట్టుకొనిన నష్టమునకై లండనులో బీమా తీసికొనెను. 1760లో ఫ్రెంచివారు కోటను పట్టుకొనిరి. కోట బలహీనతను దాచెనని బీమాదారుడు వాదించెను. 1766లో ఆ వ్యాజ్యమును తీర్చుచు మాన్స్‌ఫీల్డ్ ప్రభువు బీమా నమ్మకముపై నిలిచిన ఒప్పందమనియు, ముఖ్య విషయములు పాలసీదారునికే తెలిసియుండుటచే అతడు దాచరాదనియు చెప్పెను. అయినను లోకమెరిగిన విషయమును బీమాదారుడు తానే తెలిసికొనవలెనని, తీర్పు కార్టరు పక్షముననే యిచ్చెను.

ఇందు రెండు వైపుల న్యాయము కలదు. కోయంబత్తూరులో వానలు పడునని మనము వ్రాయనక్కరలేదు, వారికి తెలియును. మన ముంగిలిలో స్తంభము తీసివేసితిమని మనము వ్రాయకున్న వారికి తెలియదు. మన సుప్రీం కోర్టును 2009లో ఒక ఆరోగ్య బీమా వ్యాజ్యమున, బీమా ఇత్తుమా మానుదుమా, ఎంత ప్రీమియమునకు ఇత్తుము అని నిర్ణయించుటలో వివేకవంతుడగు బీమాదారుని మనస్సును మార్పగల విషయము ముఖ్య విషయమే యని చెప్పెను.

ఇప్పుడు మన దేశమున ఇండ్లకై ఏర్పరచిన సామాన్య పాలసీకి భారత్ గృహ రక్ష అని పేరు. బీమా నియంత్రణ సంస్థ ఆజ్ఞచే 2021 ఏప్రిలు 1 నుండి ఇది అమలులోనికి వచ్చెను. అగ్ని, పిడుగు, తుఫాను, వరద, భూకంపము, అల్లర్లు మొదలగువాని వలని నష్టమునకు ఇది రక్ష. ఇంటి సామానునకు, వేరుగ పట్టిక ఇయ్యకున్నను, ఇంటి మొత్తములో 20 శాతము, 10 లక్షల రూపాయలకు మించకుండ, రక్ష కలదు. నగలకు, వెండికి మాత్రము వేరుగ వ్రాయించుకొనవలెను. ఇంటి కట్టడమునకు మార్పుగాని, చేర్పుగాని, విస్తరణముగాని చేసినచో కంపెనీకి తెలియజేయుట పాలసీదారుని విధియని ఇందు కలదు. మన బీరువాలోని కాగితములో ఈ వాక్యమున్నదని ఇల్లు కాలిన తరువాత మాకు తెలిసెను.

ఇల్లు మారునప్పుడు బీమాకు సంబంధించి నాలుగు సంగతులు మారును. వీనిని క్రమముగా చెప్పెదను.

మొదటిది విలువ. పాలసీలో ఇంటి మొత్తము నేల ధరను బట్టి కాదు. లోపలి వైశాల్యమును కట్టుబడి ధరతో హెచ్చించి కట్టుదురు. మా 1,200 అడుగులు 2,000 అయ్యెను. పాలసీ 1,200 దగ్గరనే నిలిచెను. పాత తరహా అగ్ని పాలసీలలో సరాసరి షరతు అనునది కలదు. 40 లక్షల యింటికి 20 లక్షలకే బీమా చేసి, 10 లక్షల నష్టము కలిగినచో, 5 లక్షలే వచ్చును. భారత్ గృహ రక్షలో ఈ కోత లేదు. అయినను వ్రాసిన మొత్తమునకు మించి రాదు. అందులో మొత్తము ఏటికి 10 శాతము చొప్పున తనంత పెరుగు ఏర్పాటును కలదు. కాని అది ధరలు పెరుగుటకే గాని గదులు పెరుగుటకు కాదు.

రెండవది పని జరుగు కాలపు అపాయము. వెల్డింగు రవ్వ, రంగులలో కలుపు తిన్నరు, తాత్కాలికముగా లాగిన కరెంటు తీగ, పరంజా, సగము తీసిన కప్పు, ఇవన్నియు ఇంటిని మునుపటికంటె బలహీనము చేయును. ఇంకొక మాట. నేల క్రుంగుట వలని నష్టమునకు పాలసీలో రక్ష యున్నను, పడగొట్టుట, కట్టుట, కట్టడమును మార్చుట, పునాదులు త్రవ్వుట వలన నేల క్రుంగినచో ఆ రక్ష వర్తింపదు. పాత స్తంభమును తీయునప్పుడు ఇంజనీరు మాట వినుట ఇందుకే. 1900 ఫిబ్రవరి 8న కోయంబత్తూరు ప్రాంతమున భూకంపము వచ్చినదను సంగతి మరువరాదు.

మూడవది ఇల్లు ఖాళీగా నుండుట. పని ముగియువరకు పలువురు అద్దె యింటికి పోవుదురు. కట్టడము ముప్పది దినములకు మించి ఎవరును లేక ఖాళీగా నున్నచో, ముందుగా కంపెనీ అంగీకారమును పాలసీపై వ్రాయించుకొననియెడల రక్ష నిలిచిపోవునను షరతు మన దేశపు అగ్ని పాలసీలలో చిరకాలముగా కలదు. మీ పాలసీలో ఆ వాక్యము ఎట్లున్నదో చూచుకొని, ఇల్లు విడుచుటకు ముందే వ్రాయుడు. సామానును మరియొక చోటికి తరలించినచో ఆ మాటయు వ్రాయుడు.

నాలుగవది వాడుక. నివాసమునకని బీమా చేసిన యింటి ముందు గదిలో అంగడియో, టైలరు కొట్టో, మిఠాయి పొయ్యియో పెట్టినచో అది వట్టి నివాసము కాదు. అంగడి వలన అపాయ మెట్లు వచ్చునో మదురవారికి నేను చెప్పనక్కరలేదు. 2018 ఫిబ్రవరి 2 రాత్రి మీనాక్షి అమ్మవారి ఆలయమున తూర్పు గోపురము దగ్గర అంగళ్లలో నిప్పంటుకొని, వీరవసంతరాయ మండపము పాడైనది. శతాబ్దములు నిలిచిన రాతి కట్టడమునకే అట్లయినచో, టేకు దూలముల యిల్లు ఏపాటిది?

వీనికి తోడు పొరుగువారి మాట ఒకటి కలదు. 2019 డిసెంబరు 2న మేట్టుపాళయము దగ్గర నడూరులో వానకు నానిన ఎత్తైన ప్రహరీ గోడ పొరుగిండ్లపై కూలి 17 మంది మరణించిరి. ఆ దుఃఖమునకు ఏ సొమ్మును బదులు కాదు. గోడ లేపువాడు గోడ అవతలివారిని తలచుకొనవలెనని మాత్రము అది మనకు చెప్పుచున్నది. ఇంటి పాలసీ మన యింటికి. పొరుగింటికి మన పని వలన కలుగు నష్టమునకు కాదు. పెద్ద పని యైనచో కట్టడపు పనికి, ఇతరులకు కలుగు నష్టమునకు కలిపి కాంట్రాక్టర్స్ ఆల్ రిస్క్స్ అను పాలసీ కలదు. పనివారికి గాయమైనచో నష్టపరిహారమిచ్చుటకు వేరు పాలసీ కలదు. అవి కాంట్రాక్టరు దగ్గర నున్నవో లేవో అడిగి, కాగితము చూచి, పిమ్మట పని అప్పగింపుడు.

ప్రతి చిన్న పనికిని వ్రాయవలెనా యని భయపడకుడు. సున్నము వేయుట, కుళాయి మార్చుట, పగిలిన పెంకు నాలుగు మార్చుట వంటివి నిత్య పోషణము. గోడ, కప్పు, స్తంభము, వైశాల్యము, వాడుక, నివాసము, ఈ ఆరింటిలో ఒకటి మారినను వ్రాయుడు. సందేహమైనచో వ్రాయుడు. ఒక కాగితము అధికముగా వ్రాసినందున ఎవరికిని నష్టము రాదు.

ఎట్లు వ్రాయవలెను? పని మొదలు పెట్టుటకు ముందే వ్రాయవలెను. పాలసీ సంఖ్య, ఇంటి చిరునామా, చేయబోవు పని, దానికగు ఖర్చు, మొదలు పెట్టు తేది, ముగియు తేది, ఇంటిలో ఉందురో లేరో, పెరుగు వైశాల్యము, కాంట్రాక్టరు వివరము, నగరపాలక సంస్థ అనుమతి ఉత్తర్వు నకలు, ఇవి చాలును. ఏజెంటుతో నోటిమాటగా చెప్పి ఊరకుండరాదు. అతడు మంచివాడే కావచ్చును. కాని నాలుగేండ్ల తరువాత అతని జ్ఞాపకము సాక్ష్యము కానేరదు. ఈ-మెయిలుగాని, రసీదుతో రిజిస్టరు తపాలాగాని పంపుడు. ఇంటిపై అప్పున్నచో బ్యాంకుకు ఒక నకలు పంపుడు.

కంపెనీవారు అంగీకరించి పాలసీకి ఎండార్సుమెంటు అను అనుబంధ పత్రము ఇత్తురు. కొంత ప్రీమియము హెచ్చింపవచ్చును. కొన్ని షరతులు పెట్టవచ్చును. ఆ పత్రము చేతికి వచ్చినదాక పని ముగిసినట్లు కాదు, మొదలైనట్లును కాదు. పని ముగిసిన పిమ్మట రెండవ ఉత్తరము వ్రాసి, క్రొత్త వైశాల్యమును, కట్టుబడి ఖర్చును తెలిపి, మొత్తమును పెంచుకొనవలెను. పనికి ముందును వెనుకను ఛాయాచిత్రములు తీసి, బిల్లులతో సహా ఇంటి వెలుపల మరియొక చోటనుకూడ ఉంచుడు. మా పెట్టె కాలినది గనుక ఈ మాట ప్రత్యేకముగా చెప్పుచున్నాను.

చెప్పవలసినదంతయు చెప్పినను న్యాయము జరుగలేదని తోచినచో దారి కలదు. ముందు కంపెనీకే ఫిర్యాదు వ్రాయవలెను. వారు త్రోసివేసినను, ఒక నెలలో తృప్తికరమైన ప్రత్యుత్తర మీయకున్నను, చెన్నైలోని ఇన్సూరెన్సు అంబుడ్స్‌మన్ కార్యాలయమునకు ఏడాదిలోగా వ్రాయవచ్చును. తమిళనాడువారికి అదియే స్థానము. 50 లక్షల రూపాయలవరకు గల వివాదములను వారు విచారింతురు. రుసుము లేదు, వకీలు అక్కరలేదు. కాని అచ్చటను మొదట అడుగు ప్రశ్న మా సర్వేయరు అడిగిన మూడవ ప్రశ్నయే.

తుదిగా మన సంఘమునకు ఒక మనవి. మన యిండ్లలో మాట తెలుగు, దస్తావేజులు తమిళము, పాలసీ ఆంగ్లము. పెద్దవారికి ఆ కాగితము అర్థము కాదు. పిల్లలకు ఆ కాగితము ఎక్కడనున్నదో తెలియదు. కొన్ని యిండ్లు నేటికిని గతించిన తాతల పేరనే యున్నవి; అట్టివారు ముందు హక్కు పత్రములను సరిచేసికొని, ఇప్పటి హక్కుదారుల పేర పాలసీ యుండునట్లు చూచుకొనవలెను. వచ్చు ఆదివారము ప్రతి కుటుంబమును తన పాలసీని వెదకి తీయుగాక. చదువుకొన్న యువకులు పదిమంది ముందుకు వచ్చి, ఆ కాగితములను తెలుగులో చదివి పెద్దలకు వినిపించి, అవసరమైనవారికి ఉత్తరములు వ్రాసి పెట్టినచో అది మన సంఘము చేయదగిన సేవ.

పాలసీలో ఒక యిల్లు ఉండును. వీధిలో ఒక యిల్లు ఉండును. ఆ రెండును ఒకటిగా నున్నంతకాలము మనకు రక్ష. వీధిలోని యిల్లు పెరిగి, కాగితములోని యిల్లు పెరుగనిచో, మనము ప్రీమియము కట్టుచున్నది ఇప్పుడు లేని యింటికి. మా తమ్ముడును నేనును ఇప్పుడు మరల కలిసి భోజనము చేయుచున్నాము. కప్పు తిరిగి వేసితిమి. ఈసారి మొదటి యిటుక రాకముందే ఉత్తరము పోయినది. దానిపై మేమిద్దరమును సంతకములు చేసితిమి. మా అమ్మ చదివించుకొని విని, "ఇప్పుడు కట్టుడు" అనెను.

మీరందరును అట్లే చేయుదురుగాక.